చప్పుడు లేని గాలి

ఏప్రిల్ 9

ఫ్యాన్ల పని మీద జమ్మలమడుగు పక్క పల్లెకు, అక్కడ పార్టీని నడిపే పెద్దాయన ఇంటికి పోయొచ్చాను. మొన్నటి ఎలక్షన్ల తర్వాత కిటికీలన్నీ ఇటుకలు పెట్టి మూసేశారు. బాంబుల భయం. ఆయన పడుకునే గది ఇంటి నట్టనడుమ. అడుగు పెడితే ఎండిన బావిలో దిగినట్టే. ఆయనకేమో ఆయాసం. మిద్దె మీది నుంచి రేకు గొట్టంలో గాలి లాగి ఆ గదిలోకి తోయాలి. గొట్టం నడుమ ఫ్యాను.

ఒక్కటే షరతు. "గాలి రావాల. సప్పుడు రాగూడదు." బయట అడుగు పడితే ఆయనకు వినపడాలట.

ఏప్రిల్ 11

మోటారు గురించే ఆలోచన. అంగళ్లలో దొరికే చిన్నదానికి దమ్ము చాలదు. గొట్టం పొడుగు, రెండు మలుపులు. కెపాసిటర్ మోటారే పెట్టాలి. బాల్ బేరింగ్ మన్నుతుంది గానీ గరగర. బుష్ బేరింగ్ నయం, ఇరుసు అడ్డంగా బిగిస్తే చాలు.

నాలుగు మోటార్లు చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. పెళ్లిచూపుల్లో తనను కూడా ఇంతసేపు చూడలేదని సుగుణ ఎగతాళి.

ఏప్రిల్ 14

బిగించాను. గాలి బాగుంది. రెగ్యులేటర్ దగ్గరే తప్పు చేశాను. ప్రొద్దుటూరులో దొరికిందని మామూలు ఎలక్ట్రానిక్‌ది పెట్టాను. వేగం తగ్గిస్తే మోటారు మూలుగుతుందని తెలిసీ...

పెద్దాయన తలుపేసుకుని లోపల కూర్చున్నాడు. నన్ను ఇంటి చుట్టూ నడవమన్నాడు. మొదట ఫ్యాను ఆపి. మిద్దె మీది గొట్టం మూతిలోంచి ఆయన గొంతు — "సెప్పులిడిసినావు." నిజమే, అప్పుడే విడిచాను.

తర్వాత ఫ్యాను వేసి. "పడమటి గోడ కాడ నువ్వు లేవప్పా." అక్కడే ఉన్నాను. ఆ మూలుగులో మనిషి మాయమైతున్నాడట. మార్చమన్నాడు.

ఏప్రిల్ 16

పులివెందులలో దొరికింది, కెపాసిటర్ రెగ్యులేటర్. వేగం మెట్లు మెట్లుగా, మూలుగుండదు.

తిరుగు బస్సులో పక్కన ఒకాయన. తెల్ల చొక్కా, శానా మర్యాద. నా ఒళ్లో పెట్టె చూశాడు. నా పేరు తెలుసు, సుగుణ పేరూ తెలుసు. అవతలి పార్టీ మనిషి. చెప్పలేదు, చెప్పనక్కర్లేదు.

"ఉండేదే బాగుంది గదప్పా. మార్చొద్దు."

చీనీ తోటల మధ్య, ఇల్లనేదే లేని చోట బస్సు ఆపించి దిగిపోయాడు.

ఏప్రిల్ 17

మూలుగు ఉండనిస్తే పెద్దాయన చస్తాడు. తీసేస్తే నేను.

ఏప్రిల్ 18

మార్చేశాను. ధైర్యం కాదు. నా చేతి పని అడ్డం పెట్టుకుని ఒకరిని చంపుతారంటే మనసొప్పలేదు, అంతే.

మళ్లీ నడవమన్నాడు. మిట్టమధ్యాహ్నం, ఒక్కడినే. ఫ్యాను తిరుగుతున్నట్టు కూడా తెలియడం లేదు. తూర్పు గోడ, ఉత్తరం, పడమర. పడమట ఆగాను. పైనుంచి గొంతు —

"నువ్వు నిలబడినావు. నీ ఎనకాల ఆయప్ప ఇంకా నడుస్తానే ఉండాడే."

తిరిగి చూశాను. గోడ, గోడ మీద ఎండ. ఎవరూ లేరు.

ఏప్రిల్ 19

ఎవరూ లేరని ప్రమాణం చేసినా నమ్మలేదు. అవతలి వాళ్ల మనిషిని వెంటబెట్టుకొచ్చి ఇల్లు చూపించానని అనుమానం. రేపు జీపు పంపుతారట. రెండోవాడెవరో చెప్పాలట. చెప్పకపోతే ఏం చేస్తారో ఈ జిల్లాలో ఎవరిని అడిగినా చెబుతారు.

సుగుణకు ఇదేదీ చెప్పలేదు. మార్చిన సంగతీ, బస్సు సంగతీ.

ఏప్రిల్ 20

జీపు ఇంకా రాలేదు. పొద్దున నా అంగడి తెరిచి, మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చాను. ఒక్కడినే, దారంతా వెనక్కి చూసుకుంటూ. గడప దాటి చెప్పులు విడిచాను. వంటింట్లోంచి సుగుణ, తల కూడా తిప్పకుండా —

"నీ జతలో వచ్చిందెవరు? కూసోమను."