గోడ మీద వేసిన పిల్లాడు

తొర్రూరు,
23 ఫిబ్రవరి 2014.

ప్రియమైన కట్టన్నకు,

పెయింటర్ మంగీలాల్ రెండు చేతులూ జోడించి రాస్తున్న ఉత్తరం. నేనూ, మా ఇంటామె తుల్సీబాయీ కులాసాగానే ఉన్నాం. మొగుళ్లపల్లిలో నువ్వూ, ఓదెమ్మ వదినా, నీ బిడ్డ పూజా అట్లాగే ఉండాలని కోరుకుంటున్నాను. రెండేళ్లకు పైగా ఒక్క ముక్క రాయనివాడికి ఇప్పుడు క్షేమాలు అడగడానికి నోరెట్లా వచ్చిందని అనుకుంటావు. అనుకో. కానీ మధ్యలో చింపెయ్యకు, చివరిదాకా చదువు.

తెలంగాణ బిల్లు పాసైన రోజు నుంచి ఇక్కడ ఎవరి కాళ్లూ భూమ్మీద ఆగడం లేదు. బస్టాండు రోడ్డంతా గులాల్. నా జుట్టులోది ఇంకా పోలేదు, తుల్సీబాయి నన్ను చూసి పెళ్లికొడుకని ఎగతాళి చేస్తోంది. నిన్న కమిటీవాళ్లు వచ్చి, నీ దుకాణం ఎదురు గోడకు సున్నం వేసి విజయం బొమ్మ గియ్యమన్నారు. సున్నం కలుపుకుని పోయాను. బ్రష్షు ముంచాను. చెయ్యి లేవలేదన్నా. ఇంటికి తిరిగొచ్చి ఈ కాగితం తీసుకున్నాను.

జరిగింది నీకు తెలిసిందే. అయినా నా వైపు నుంచి నువ్వెప్పుడూ వినలేదు.

సకల జనుల సమ్మెలో బళ్లు మూతపడి, పిల్లలంతా నీ వీడియో గేముల దుకాణంలో నాలుగు టీవీల ముందు కూర్చునేవాళ్లు. గోడలు ఎండకు కాలిపోయే మధ్యాహ్నాల్లో నేనూ అక్కడే కూలబడేవాణ్ణి. అప్పుడే కొందరు తల్లిదండ్రులు నా దగ్గరికొచ్చి, పోరగాండ్లు ఆగమైతున్నరు మంగీలాలూ, చూస్తెనే భయం పుట్టేటట్టు గా గోడ మీద ఒక బొమ్మ ఎయ్యి అని అడిగారు. నీ దుకాణం ఎదుటి గోడ అన్న సంగతి నాకు తట్టనే లేదు. బొమ్మ అనగానే నాకు వేరే సంగతులు తట్టవని నీకు తెలుసు.

మొదటిది ఘోరంగా పోయింది. టీవీలోంచి కొమ్ముల రాక్షసుడు బయటికొచ్చి పిల్లాడి మెడ పట్టుకున్నట్టు వేశాను. తెల్లారేసరికి పిల్లలు ఆ రాక్షసుడి పక్కన నిలబడి ఫోన్లలో ఫొటోలు దిగుతున్నారు. ఒకడు నీ దగ్గరికొచ్చి, అన్నా గిది కొత్త గేమా, మన దగ్గర ఉన్నదా అని అడిగాడు. నువ్వు కడుపు పట్టుకుని నవ్వావు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ మంటలో రెండోది వేశాను. రాక్షసుణ్ణి గీకేశాను. నీ దుకాణంలో ఉన్న కిటికీని బొమ్మలోంచి తీసేశాను. పక్కన నవ్వుకుంటూ ఆడే ముగ్గురిని తీసేశాను. పన్నెండు కొట్టగానే పిల్లల్ని అన్నానికి తరిమే నిన్నూ తీసేశాను. ఒక్క పిల్లాణ్ణి ఉంచి, వాడి ముఖం మీద టీవీ నీలిరంగు పోశాను. వాడి వెనక ఒక ఆడమనిషి, చేతిలో పళ్లెం, పళ్లెంలో ఎండిపోయిన అన్నం. అంతే. ఉన్నవి తీసేస్తుంటే బొమ్మకు బలం వస్తోందని నా చేతికి తెలుస్తూనే ఉంది. అబద్ధం ఒక్కటీ వేయలేదు, నిజాలే కొన్ని చెరిపాను.

కళ్లు ఎప్పుడూ చివరికే కదా దిద్దుతాం. దిద్ది నాలుగడుగులు వెనక్కొచ్చి చూశాను. ఆ నెలంతా కురవి నుంచి జనగామ దాకా ఊరూరా తెలంగాణ తల్లినే వేశానాయె, చేతికి అదొక్క ముఖమే అలవాటైపోయింది. పళ్లెం పట్టుకున్న ఆడమనిషికి ఆ తల్లి ముఖమే వచ్చింది. చెరుపుదామని మళ్లీ నిచ్చెన ఎక్కేసరికే బతుకమ్మలు ఎత్తుకుని ఆడవాళ్లు ఆ దారినే వచ్చారు. ఒక ముసలవ్వ ఆగి, గీమె మన తల్లే, మన పోరల కోసం కండ్ల నీళ్లు పెట్టుకుంటున్నది అన్నది. నేను కన్నీళ్లు వేయలేదన్నా! ఒట్టు. వాళ్లు బతుకమ్మల్ని ఆ గోడ ముందే దించి, చుట్టూ తిరుగుతూ పాడారు. నిచ్చెన మీద ఉన్నవాణ్ణి దిగి, నేను వేసిన బొమ్మ ముందే నేను చెప్పులు విప్పాను. అంత పెద్దది నా చేతిలోంచి ఎట్లా వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

అప్పుడు నువ్వొచ్చావు. చాలాసేపు చూసి, గీ పిలగాడు ఎవడు మంగీలాలూ అని మెల్లగా అడిగావు. పొగరు నెత్తికెక్కి ఉన్నాను. రోజూ నీ దుకాణంలనే కూసుంటడు, నువ్వే పోల్చుకో అన్నాను.

మర్నాడు నువ్వు ఇల్లిల్లూ తిరిగి, అన్నం మానేసింది మీ పిలగాడేనా అని అడిగావట. పదకొండు ఇళ్లలో తల్లులు తమ కొడుకే అన్నారట. వాళ్ల కొడుకులు రోజూ పన్నెండు దాటగానే ఇంట్లో బువ్వ తిన్నవాళ్లే! కళ్లారా చూసినదాన్ని వదిలేసి గోడ మీది దాన్ని నమ్మారు. ఆఖరికి నువ్వూ నమ్మావు. నీ మీద ఎవరూ రాయి వేయలేదు, ఒక మాట అనలేదు. నువ్వే తాళం వేసి, మీ ఊరికి పోవడానికి భూపాలపల్లి బస్సెక్కావు. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు, నిజం చెబుతున్నాను. ఒక బొమ్మకు ఇంత పని చేతనవుతుందా అని నోరు తెరుచుకుని నిలబడ్డాను.

మొన్న మీ ఊరి వీరమ్మ అంగడికి వచ్చి చెప్పేదాకా నాకు బుద్ధి రాలేదు. పూజకు మొదటి కాన్పు పోయిందటగా. అన్నం మానేసిన ఆ పిల్లాడి తల్లి ఉసురు తగిలిందని నువ్వు అన్నావట. ఇప్పుడు పూజ మళ్లీ నీళ్లాడే రోజులు దగ్గరపడి పుట్టింటికొస్తే, నీ నీడ పడితే కీడని నువ్వు ఆమె ఎదుటికే పోవడం లేదట. నాయినకు నేనేం చేసిన అని పూజ ఏడుస్తోందట.

కట్టన్నా, అట్లా చెయ్యకు. నీకు ఎవరి ఉసురూ తగల్లేదు. వచ్చే ఆదివారం తొర్రూరు రా. సున్నం వేసే ముందు ఆ గోడ దగ్గర నిలబడి నీతో ఒక మాట చెప్పాలి.

వదినకు నమస్కారం, పూజకు దీవెనలు చెప్పు.

నీ దోస్తు,
మంగీలాల్.

తా.క.: కవరు అంటించి మళ్లీ విప్పాను. తుల్సీబాయి అంతా చదివించుకుని, అసలు మాట రాయకుంట గీ ఉత్తరమెందుకు అని తిట్టింది.

ఆ పిల్లాడు ఎవరి కొడుకూ కాదన్నా. నేను. నీ దుకాణంలో మూలన ఆ కార్ల పందెం ఆడుతూ కూర్చున్నది నేను. ముచ్చటకు ఆడుతున్నానని నువ్వనుకున్నావు. మూడు మధ్యాహ్నాలు తుల్సీబాయి పళ్లెం పట్టుకుని నా వెనక నిలబడి వెళ్లిపోయింది, నేను తల తిప్పలేదు. నువ్వు దుకాణం మూసిన వారం ఆట లేక నా చేతులు వణికితే జ్వరమని అందరికీ చెప్పాను. నలభై ఆరేళ్లవాణ్ణి గోడ మీద వేస్తే ఎవరు ఏడుస్తారు? అందుకే మీసం తీసేసి బడి చొక్కా తొడిగాను. నువ్వు అడిగిన రోజు సిగ్గుతో చెప్పలేకపోయాను.

ఆదివారం దాకా ఆగకు, నా దగ్గరికి తర్వాత రావచ్చు. ఈ కాగితం చేతిలోనే పట్టుకుని లోపలికి పోయి, పూజ తల మీద చెయ్యి పెట్టు.