కుర్చీ అమ్మాయి కోసం ఒక దిండు

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య దీవెనలు.

ఫోనులో నువ్వు గలగలా మాట్లాడుతుంటే నేను ఊఁ కొడుతూ కూర్చుంటాను. అడగాల్సినవన్నీ ఫోను పెట్టేశాకే గుర్తొస్తాయి. అందుకే ఇన్నాళ్లకు కలం పట్టాను.

నా దిండ్ల కొట్టుకు జనం వస్తున్నారు. దిండు నొక్కి చూసి, "ఎంత మెత్తగా ఉందమ్మా!" అని మెచ్చుకుని, ఉత్త చేతులతో వెళ్లిపోతున్నారు. మొన్న మీ నాన్న వచ్చి, "అక్కా, వానలు వెలిసేదాకా చూద్దాం. కొట్టు నిలబడకపోతే తాళం పెట్టేసి మా ఇంటికి వచ్చెయ్. హాయిగా కూర్చుని తిందువుగాని" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. కానీ నా చేతులు ఊరికే కూర్చోవడానికి ఒప్పుకోవడం లేదు. నువ్వు వ్యాపారాలకు సలహాలిచ్చే ఆఫీసులో ఉన్నావు కదా, నాకూ ఒకటి చెప్పు తల్లీ.

ఇట్లు,
అత్తయ్య

తా.క.: నా దిగులు మీ నాన్నకు చెప్పకు. తెలిస్తే జాలిపడి ఇంకో రెండు దిండ్లు కొంటాడు. ఇప్పటికే వాడి మంచం మీద వాడికే చోటు లేదు.

*

అత్తయ్యకు నమస్కారాలు.

నువ్వు అందరికీ అమ్మాలని చూస్తున్నావు, అదే తప్పు. మా ఆఫీసులో మొదట నేర్పేదే అది. అందరినీ వదిలెయ్, నీ సరుకుకు అతికినట్టు సరిపోయే ఒక్క మనిషిని పట్టుకో.

ఆ మనిషెవరో నేనే చెబుతాను. వయసు ముప్పై నాలుగు. పొద్దస్తమానం కుర్చీలోనే పని. నడుంనొప్పి. నిద్ర తక్కువ. ఎవరితోనూ చెప్పుకోదు, ఎలా ఉన్నావని అడిగేవాళ్లూ లేరు. చవక సరుకు కొని కొని విసిగిపోయింది. ఆమెకు పేరు కూడా పెట్టాను, కుర్చీ అమ్మాయి. ఇకనుంచి నువ్వు వేసే ప్రతి కుట్టూ ఆమె కోసమే. మిగతావాళ్లను పట్టించుకోకు.

ప్రేమతో,
మేనకోడలు

తా.క.: రోజూ ఆమెతో మనసులో మాట్లాడుతూ ఉండు. మా ఆఫీసులో అందరం అదే చేస్తాం.

*

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి కళ్లు తుడుచుకున్నాను. ఆ పిల్లకు ముప్పై నాలుగేళ్లకే ఎన్ని కష్టాలు! పొద్దున్నే దేవుడి ముందు కూర్చుని నీకంటే ముందు ఆమెనే తలుచుకుంటున్నాను. ఏమనుకోకు.

కూర్చునే చోటికి ఒకటి, నడుం వెనక్కి ఒకటి, మంచి దూది ఏరి ప్రత్యేకంగా కుట్టాను. వాటిని కొట్లో ఉన్న మంచి కుర్చీలో అమర్చి, ఎవరినీ అందులో కూర్చోనివ్వడం లేదు. సెలూన్ ఆయన వచ్చి దిండ్లు కావాలన్నాడు. "ఏమనుకోకు నాయనా, ఒకమ్మాయి కోసం ఎదురుచూస్తున్నాను" అని పంపేశాను. ఆమె ఏ బస్సులో వస్తుందో రాయి. గొడుగు పట్టుకుని స్టాపు దగ్గర నిలబడతాను.

ఇట్లు,
అత్తయ్య

తా.క.: పెళ్లయిందా? కాకపోతే మన మందుల షాపు అబ్బాయి ఉన్నాడు. మంచివాడు, నిదానస్తుడు. నడుంనొప్పికి మాత్రలూ చేతిలోనే ఉంటాయి.

*

అత్తయ్యా!

నమస్కారాలు తర్వాత. కుర్చీ అమ్మాయి లేదు! ఎక్కడా లేదు! అది మేం కల్పించుకునే మనిషి. అలాంటివాళ్లకు ఏం కావాలో తెలుసుకోవడానికి ఊహించుకుంటాం, అంతే. ఆమె ఏ బస్సులోనూ రాదు. నీకు దణ్ణం పెడతాను, సెలూన్ ఆయనకు సర్దిచెప్పి దిండ్లు ఇచ్చెయ్.

కంగారుగా,
మేనకోడలు

తా.క.: మందుల షాపు అబ్బాయితో ఇంకా ఏమీ అనలేదు కదా?

*

చిరంజీవికి ఆశీస్సులు.

అన్నాను. రోజూ సాయంత్రం కొత్త చొక్కా వేసుకుని వచ్చి నిలబడుతున్నాడు.

అయినా లేదంటావేమిటి తల్లీ? నువ్వు చెప్పిన మనిషి నిన్న వచ్చారు. వానకు తడుస్తూ, నడుం మీద చెయ్యి వేసుకుని మన చూరు కింద నిలబడితే లోపలికి పిలిచాను. నువ్వు రాసినవన్నీ ఒక్కొక్కటే అడిగాను. "వయసెంత?" ముప్పై నాలుగట. "రోజంతా కుర్చీలోనేనా?" "కుర్చీలోనేనండీ. లేవడానికి ఉండదు." "నిద్ర పడుతుందా?" "ఎక్కడండీ!" చివరికి, "ఎలా ఉన్నారు?" అన్నాను. అంతే, కళ్లనిండా నీళ్లు. ఆ మాట ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందోనట. ఆ కుర్చీలో కూర్చోబెట్టాను. కూర్చున్నవారు కూర్చున్నట్టే నిద్రపోయారు.

ఇట్లు,
అత్తయ్య

తా.క.: గురక కొంచెం ఎక్కువే. పెళ్లి మాటలప్పుడు దాచకుండా చెప్పేస్తే మంచిదేమో.

*

అత్తయ్యా,

నేను రాసిన మనిషి లేచి నడిచి రావడమేమిటి? ఎవరో నీ మంచితనం కనిపెట్టి మోసం చేస్తున్నారు. కొట్లో ఏదైనా పోయిందేమో చూసుకో. ఆదివారం నాన్నా నేనూ వస్తున్నాం. నాన్న తాళం కూడా తెస్తానంటున్నాడు. నేను వద్దనలేకపోయాను.

భయంభయంగా,
మేనకోడలు

*

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వన్నట్టే రెండు దిండ్లు పోయాయి. డబ్బిచ్చి మరీ పట్టుకుపోయారు.

ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఇంత పొడుగు మనిషి, ఇంతేసి మీసాలు. నువ్వు అమ్మాయని రాసిన మాట నిజమే. మిగతావన్నీ అచ్చు గుద్దినట్టు కలిశాయని ఆ ఒక్కటీ వదిలేశాను. మందుల షాపు అబ్బాయి మాత్రం వదల్లేకపోయాడు. గుమ్మంలోంచే ఆ మీసాలు చూసి, "నేను మళ్లీ వస్తానండీ" అని వెళ్లినవాడు ఇంతవరకూ రాలేదు.

మర్నాడు ఆయన తోటి డ్రైవర్లను వెంటబెట్టుకొచ్చాడు. అందరికీ పొద్దస్తమానం కుర్చీయే, అందరికీ నడుంనొప్పే. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఎలా ఉన్నారని అడిగి, వాళ్ల వీపులకు సరిపడేలా కుడుతున్నాను. చేతులు చాలక సెలూన్ ఆయన భార్యను సాయం పిలిచాను. వాళ్ల దిండ్లు వాళ్లకు ముందే ఇచ్చేశాను, కోపం పోయింది. మీ నాన్నతో చెప్పు, ఆదివారం తాళం తేవద్దు, పెద్ద కత్తెర తెమ్మను. నువ్వూ తీరిక చేసుకుని రా. నీ చదువు మంచిదే తల్లీ, ఆ మనిషిని నాకు చూపించింది నువ్వే.

ఇట్లు,
అత్తయ్య

తా.క.: ఈ ఉత్తరాలు జాగ్రత్తగా దాచిపెట్టు, ఎవరికీ చూపించకు. మీ ఆఫీసులో అసలే వద్దు. ఆయన కంటతడి పెట్టిన సంగతి ఇందులో ఉంది. పైగా మనం తనను కుర్చీ అమ్మాయి అనుకున్నామని ఆయనకింకా తెలియదు.