పరాయి జెండా మీద తెల్ల పూత

ప్రియమైన అక్కకి,

ఇందుమూలంగా యావన్మంది ప్రజలకూ తెలియజేయడమేమనగా, నీ తమ్ముడి ఎడమ మీసానికి తెల్లరంగు అంటుకున్నది. కిరసనాయిలు పెట్టినా వదలకున్నది. కావున ఇకమీదట అతణ్ణి కుడివైపు నుంచి మాత్రమే చూడవలెను.

ఇక అసలు సంగతి. రేవు గోదాములో పని దొరికింది. బోర్డులు రాయడానికి కాదు, చెరపడానికి. వరదలో మునిగిన మీ ఊళ్ళకని సముద్రం అవతలి దేశం వాళ్ళు నీళ్ళు శుభ్రం చేసే యంత్రాలు పన్నెండు పంపారు. వాటి మీద వాళ్ళ జెండా కనబడితే మన పరువు పోతుందట. ఊళ్ళు మునిగినా చొక్కా మడత నలగని మా గోదాము ఆఫీసరు ఇస్త్రీసారు, "మనం ఎవరి ముందూ చెయ్యి చాచలేదని జనానికి తెలియాలోయ్" అంటాడు. ఆ జెండాలో ఎరుపు ఉంది. ఎరుపు మీద తెలుపు వేస్తే గులాబీరంగై పైకి ఉబుకుతుంది. రెండో పూత వెయ్యమన్నాడు. ఈ ముసురుకి మొదటిదే ఆరడం లేదు. ఆరు రోజులుగా యంత్రాలు ముస్తాబు తెమలని పెళ్ళికూతుళ్ళలా గోడకి చేరగిలి ఉన్నాయి. ఛీ, బ్రష్షు పట్టుకున్న చెయ్యే కంపు కొడుతోంది.

నీ ఆసుపత్రి వార్డు ఎలా ఉంది?

నీ ఒంటిమీసం తమ్ముడు

తమ్ముడూ,

నవ్వే ఓపిక లేదురా. మంచానికి ముగ్గురు. ట్యాంకు నీళ్ళు పాచికంపు. విరిగిన బెంచీలు పొయ్యిలో పెట్టి కాస్తున్నాం, అవీ అయిపోవచ్చాయి. నిన్న వాంతులతో వచ్చిన నాలుగేళ్ళ పిల్ల నా చేతుల్లోనే పోయింది.

"వాళ్ళ దగ్గర ఊరికే తీసుకుంటే రేపు మన నెత్తికెక్కుతారు" అంటాడు మా డాక్టరు. ఒకరి దయ మీద బతకడం నాకూ గిట్టదు, నీకు తెలుసు. కానీ ఆ పిల్ల తల్లి అడిగింది: "యంత్రాలొస్తున్నాయన్నారే, ఏవీ సిస్టరమ్మా?" రంగు ఆరుతోందని చెప్పనా?

అక్క

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని ఇస్త్రీసారు గదికి వెళ్ళాను.

"అయ్యా, ఇది సాయం కాదు, బదులు" అన్నాను.

"ఏంట్రా బదులు?"

"ముప్ఫై ఏళ్ళ కిందట వాళ్ళకి భూకంపం వచ్చినప్పుడు మన దుప్పట్లు వెళ్ళాయి కదండీ! ఆ పెట్టెల మీద అక్షరాలు రాసింది మా నాన్నే."

సారు మొహం చేటంతయింది. "ఇన్నాళ్ళూ చెప్పవేంరా వెధవా!" అని ఫోనెత్తాడు. మధ్యాహ్నానికల్లా లారీలు కదిలాయి. రెండో పూత లేదు, పాడూ లేదు. రేపటికి నీ వాకిట్లో ఉంటాయి.

తమ్ముడు

ఒరే తమ్ముడూ,

నీళ్ళొచ్చాయిరా! గాజులా ఉన్నాయి. నాలుగు రోజులుగా వాంతులతో కొత్తవాళ్ళెవరూ రాలేదు. డాక్టరు కూడా "బదులే కదా" అని రెండు గ్లాసులు తాగాడు.

నాన్న సంగతి నాకెందుకు చెప్పలేదు? గ్లాసు అందుకునే ప్రతివాళ్ళకీ చెబుతున్నా, మా నాన్న రాసి పంపిన దుప్పట్లకి బదులని. ఆ పిల్ల తల్లికీ చెప్పాను. ఆవిడ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుంది.

నీ అక్క

ప్రియమైన అక్కకి,

ఇక చెప్పడం ఆపు. ఇక్కడ ఆ దుప్పట్లకి శిలాఫలకం వేస్తున్నారు. అక్షరాలు దిద్దేది నేనే. ఆ దుప్పట్లని నేయించింది తన మేనమామే అని ఇస్త్రీసారు ఊరంతా చెప్పుకుంటున్నాడు. అంచు ఏ రంగో కూడా చెబుతున్నాడు. ఊరికే ఇచ్చారంటే వీళ్ళకి గొంతు దిగదు, రుణం తీర్చుకున్నారంటే గుటకలు వేస్తారు. పోయిన ఆ పిల్ల పేరు రాయమని మాత్రం నాకెవరూ పలక ఇవ్వలేదు.

నువ్వూ గర్వపడుతున్నావని చదివాక దాచబుద్ధి కాలేదు. నాన్న ఏ పెట్టె మీదా అక్షరం రాయలేదు. వాళ్ళ భూకంపం నిజం. మన దుప్పట్లే నేను పుట్టించాను.

తమ్ముడు