ఒక్క దెబ్బ కోసం

నువ్వు లేకపోతే ఉప్పు డబ్బా కూడా కనబడని ఇంటి నుంచి మా ఇంటిదానికి,

చిన్నమ్మాయీ, పసిగుడ్డూ కులాసా అని తెలిసింది. ఇక్కడ నాకే లేదు. కాలు ఒకచోట నిలవడం లేదు. లేస్తాను, వీధి గుమ్మం దాకా పోతాను, ఎందుకొచ్చానో తెలియక తిరిగొస్తాను. నా ఉత్తరాలు ఎప్పుడూ మనవరాలే రాస్తుంది. ఇది దాని మీద చాడీ కాబట్టి నేనే రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే నవ్వకు.

హైస్కూల్లో బ్యాండు క్లాసు తీసుకుంటానంటే సరేనన్నాను. బాకానో, వేణువో ఊదుతుందనుకున్నాను. మొన్న వాళ్ళ రిహార్సల్ చూశాను. పిల్లలంతా బుగ్గలు పగిలేలా ఊదుతున్నారు. మనది వెనక గోడ దగ్గర, మూకుడు మూతల్లాంటి ఇత్తడి తాళాలు రెండు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పాట ముప్పాతిక అయినా కదలదు. చివర్లో లేచి ఒక్కసారి ఝణాల్‌మనిపించి మళ్ళీ కూలబడింది.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే తాతా. మిగతాసేపు లెక్కపెడతా."

"ఏం లెక్కే?"

"నా వంతు ఎప్పుడొస్తుందో."

వచ్చే ఏడు పెద్ద బ్యాండులోకి తీసుకోవడానికి మాస్టారు నా సంతకం అడిగాడు. పెట్టనన్నాను. దాని తల్లి, "నీ ఇష్టం నాన్నా" అని డ్యూటీకి పోయింది. పిల్ల మాత్రం నాతో మాట్లాడటం మానేసింది.

నీకెన్నడూ చెప్పని మాట ఒకటుంది. మన పెళ్ళైన కొత్తలో మీ అన్న నలుగురిలో, "మా బావది కూర్చుని తినే కొలువు. రైలొచ్చినప్పుడు గేటు చక్రం తిప్పితే జీతం" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు చేపముల్లులా ఇప్పటికీ గొంతులోనే ఉంది. నా మనవరాల్ని చూసి ఎవడూ అలా నవ్వడానికి వీల్లేదు. శనివారం వాళ్ళ బ్యాండు కచేరీకి నేను వెళ్ళను.

ఇట్లు,
నీ గేటాయన

నాలుగు ముక్కల్లో నన్ను ఓడించే మనిషికి,

జవాబు చేరింది. "మా అన్న మాట నేను అప్పుడే విన్నాను. మూడేళ్ళు వాడి గడప తొక్కలేదు. పుట్టింటికి ఎందుకు పోవడం లేదని మీరు అడగనూ లేదు. ముందు వెళ్ళి కచేరీ చూడండి, సంతకం సంగతి తరవాత" అని రాయించావు. అది చదివాక ఇంట్లో కూర్చోలేకపోయాను. వెళ్ళాను.

హాలు నిండిపోయింది. పాట మొదలైంది. నేనూ వేళ్ళ మీద లెక్కపెట్టాను, ఎక్కడో తప్పాను. బాకాలు పైకి లేచాయి. పిల్ల నిలబడి తాళాలు ఎత్తింది. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి. మరిచిపోయిందే అనుకున్నాను, నాకు ఒళ్ళు తెలియలేదు.

"కొట్టవే!" అని అరిచాను.

హాలంతా నావైపు తిరిగింది. పెద్ద డ్రమ్ము కుర్రాడు ఉలిక్కిపడి ముందే ఒకటి బాదేశాడు. మనది రెప్ప వేయలేదే! చూపంతా మాస్టారి చేతి మీదే. ఆ చెయ్యి దిగాక కొట్టింది. నా కుర్చీ కింద నేల అదిరింది.

బయటికొచ్చాక అన్ని రోజుల మౌనమూ ఒక్కసారి వదిలింది. "పరువు తీశావు తాతా! గేటు ముందు హారన్ కొట్టే లారీవాడికీ నీకూ తేడా ఏముంది?"

"మరి గేటు తెరవలేదేం?"

"రైలు పోకుండా ఎలా తెరుస్తా?"

అది నా మాటే. ఎండలో లారీవాళ్ళు నన్ను బండబూతులు తిడుతుంటే నేను అనే మాట. దానికి ఎప్పుడు చెప్పానో నాకే గుర్తు లేదు.

సంతకం పెట్టాను. వచ్చే కచేరీకి నన్ను తలుపు దగ్గర కూర్చోమన్నాడు మాస్టారు. పొగరుబోతు. అయినా కూర్చుంటాను.

మీ అన్న పసిదాన్ని చూడ్డానికి వస్తే చెప్పు, వాళ్ళ బావ మనవరాలు కూడా కూర్చుని తినే కొలువులోనే చేరిందని.

ఇట్లు,
నీ గేటాయన