రెండో చరణంలో చప్పుడు

బావకి, కోపంతో కూడిన నమస్కారాలు.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. మన గాయని పాటలన్నీ కలిపి బాక్స్ సెట్ వేశారు, కొన్నాను. పేరుకే బాక్స్. పెట్టె లేదు, సీడీ బిళ్ళ లేదు, ఫోన్లోకి ఒక లింకు వచ్చి కూర్చుంది. ఆ డబ్బుకి నా కుట్టుమిషనుకు కొత్త మోటారు వచ్చేది. పాత మోటారు సంగతి ఎత్తుకుంటే ఉత్తరం దానితోనే అయిపోతుంది, వద్దులే. "ఇవన్నీ మీ క్యాసెట్లలో ఉన్నవేగా మామయ్యా" అని కోడలు నవ్వింది. "ఉన్నవేనమ్మా, రిహార్సళ్ళు మాత్రం వాటిలో లేవు" అన్నాను.

ఎందుకు కొన్నానో నీకీపాటికి తెలిసిపోయుంటుంది. మన పోట్లాట పాటలో, రెండో చరణం ఎత్తుగడలో ఆ చిన్న చప్పుడు. ఊపిరి అని నేను. నవ్వు అని నువ్వు, గడియారాలు బాగుచేసిన చెవులు నావి అంటూ. మీ పెళ్ళైన కొత్తలో మొదలెట్టి, ప్రతి ఆదివారం మీ ఇంట్లో కొట్టుకున్నాం. అక్కేమో వంటింట్లోంచి "అది కుర్చీ కిర్రుమన్న చప్పుడు, ఇక అన్నాలకి లేవండి" అనేది. "నువ్వూరుకో" అనేవాళ్ళం. మనిద్దరి మాటా కలిసింది అక్కడొక్కచోటే.

అక్క పోయాక ఒకసారి వచ్చాను. తలుపు సగమే తీసి "నిద్రొస్తోందిరా" అన్నావు. ఆ సగం తలుపు నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. అక్కతోపాటు బావ కూడా లేకుండా పోయాడనుకున్నాను.

ఆ పాట రిహార్సలు ఇంకా వినలేదు. ఒక్కణ్ణే విని గెలిస్తే ఎవరి ముందు మీసం మెలెయ్యను? నువ్వు రమ్మంటే కలిసి విందాం. లేదంటే డబ్బు దండగ, ఒప్పుకుంటాను.

నీ బామ్మర్ది

ఒరేయ్ బామ్మర్దీ,

నేనూ కొన్నానురా, నీకంటే ముందే. విన్నాను కూడా.

గాయని రెండో చరణం ఎత్తుకుంటుంది. చప్పుడు వస్తుంది. పాట ఆపేసి, "ఎవరిదండీ ఆ కుర్చీ, కాస్త మార్చండి" అంటుంది. మార్చినట్టు లేరు, రికార్డులోనూ అదే కిర్రు.

వినగానే "ఇదిగో, నువ్వే గెలిచావే" అంటూ వంటింటివైపు తిరిగాను. తిరిగాక గుర్తొచ్చింది.

ఆ రోజు తలుపు సగమే ఎందుకు తీశానంటే, నువ్వు లోపలికొస్తే పాట పెడతావు, పోట్లాట మొదలవుతుంది, వంటింట్లోంచి మాట రాదు. అది వినలేననిపించింది. మీ అక్కని పోగొట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాదని అప్పుడు తట్టలేదురా.

దండగేమీ కాదు. మీ అక్క గెలిచిన సంగతి తెలిసింది, ఆ ధరకి చవకే.

ఆదివారం రా. తలుపు బార్లా తీసే ఉంటుంది. మీ అక్క కుర్చీలో నువ్వు కూర్చో. కిర్రుమంటుంది, మార్చమని అడక్కు.

మీ బావ