కొట్టేసిన జవాబు

కోపం వచ్చినా చివరిదాకా చదివే అక్కకు,

ఫోన్లో అయితే నువ్వు నా మాట పూర్తి కానివ్వవు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దయచేసి స్టాఫ్‌రూమ్‌లో నిలబడి చదవకు, ఇంటికెళ్ళి కూర్చుని చదువు.

నాకు నడుము నొప్పి లేదు. ఎప్పుడూ లేదు. వైద్యమని ఏడాది సెలవు పెట్టి ఈ ఊరొచ్చినదాన్ని, ఎనిమిది నెలలుగా కుట్టుమిషన్లు బాగుచేసే షాపులో పని నేర్చుకుంటున్నాను. నెలాఖరులోగా తిరిగి చేరతానో లేదో రాసివ్వాలి. హెడ్‌మిస్ట్రెస్‌వి కనుక ఆ కాగితం అందుకోవాల్సింది నువ్వే. దానికంటే ముందు చెల్లెలిగా చెప్తున్నాను. నాకు తిరిగి రావాలని లేదు.

ఇప్పుడు నీ ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. కాస్త షాపు సంగతి చెప్పనీ.

సన్నగా, పొడుగ్గా ఉండే గది. కిటికీ కింద రెండు బల్లలు. గోడ నిండా అగ్గిపెట్టెలంత సొరుగులు, ఒక్కోదాంట్లో ఒక్కో సైజు మర. యజమానురాలికి అరవై దాటాయి. వీధంతా ఆవిణ్ణి మిషన్ పిన్ని అంటుంది. ఆవిడకి ఒక పద్ధతుంది. ఏ మిషను వచ్చినా, చేతిచక్రం మెల్లగా తిప్పి పది కుట్లు వేసేదాకా జబ్బేమిటో ఎవరూ నోరెత్తి చెప్పకూడదు. పదీ వేశాక కూడా "తెలీదు" అనొచ్చు. ఆ షాపులో రోజుకి ఇరవైసార్లు వినపడే మాట అదే. అనేవాళ్ళకి చీమ కుట్టినట్టైనా ఉండదు. మొదటి వారం నాకే ఆ మాట విన్నప్పుడల్లా చెవులు ఎర్రబడేవి.

నేను చేసిన ఘనకార్యాలు కూడా విను. ఒక టైలరమ్మ మిషను తెచ్చి, కుట్టు మధ్యమధ్యలో తప్పిపోతోందంది. సూది వెనక్కి తిరిగి బిగించి ఉందని పది కుట్లు వేసేసరికే నాకు తెలిసిపోయింది. చెప్పేస్తే పోయేదిగా? చేతులు కట్టుకుని, "ఎందుకు తప్పుతోందో మీరే ఆలోచించి చెప్పండి చూద్దాం" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నాకే తెలిస్తే ఇంత బరువు మోసుకుని మీ దగ్గరికెందుకొస్తానమ్మా?" అంది. లోపల మిషన్ పిన్ని నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది.

రెండోది ఇంకా ఘోరం. బాగుచేసిన ప్రతి మిషనుకీ, ఏం చేశామో రాసి ఒక అట్టముక్క కడతాం. పక్క బల్ల మీద పనిచేసే మెకానిక్‌ని అందరం బాబాయ్ అంటాం, ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి. ఆయన రాసిన అట్ట చూస్తూ చూస్తూ, ఎర్ర పెన్నుతో కింద "బాగుంది. ఇంకా శ్రద్ధ అవసరం" అని రాసేశాను. ఒట్టు, చెయ్యి దానంతటదే రాసింది. మూడు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు నా అట్ట మీద, "అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. మిషను కుట్టడం లేదు" అని రాసి పెట్టాడు. అప్పట్నుంచి మేమిద్దరం స్నేహితులం.

తిట్టాలనుకున్నవన్నీ ఉత్తరంలోనే తిట్టు.

నీ చెల్లి

*

అక్కా,

నాలుగే వాక్యాలు రాశావు. పదిహేడేళ్ళ సర్వీసు వదిలేసి నూనె చేతులతో బతుకుతావా అన్నావు. ఒకటో తారీఖున స్కూల్లో ఉండమన్నావు. నువ్వు పక్క కుర్చీలో ఉంటావనే నేనీ పెద్ద కుర్చీలో కూర్చున్నానన్నావు. అసలు కారణమేమిటో చెప్పమన్నావు. మూడో వాక్యం చదివి చాలాసేపు ఏడ్చాను. నాలుగోదానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను.

స్టాఫ్‌రూమ్‌లో అందరూ ఎందుకమ్మ అని పిలిచే ఆ పిల్ల గుర్తుందిగా, ప్రతిదానికీ ఎందుకని అడిగేది? ఏడో తరగతిలో కొవ్వొత్తి పాఠం చెప్తున్నాను. పళ్ళెంలో నీళ్ళు, మధ్యలో వెలిగించిన కొవ్వొత్తి, దాని మీద గ్లాసు బోర్లించడం. కొవ్వొత్తి ఆరిపోతుంది, గ్లాసులోకి నీళ్ళు ఎక్కుతాయి. లోపలి ఆక్సిజన్ ఖర్చయిపోయింది, ఆ చోట్లోకి నీళ్ళొచ్చాయి అని చెప్పాను. ఏటా చెప్పేదే. ఆ పిల్ల లేచి, "టీచర్, అది మెల్లగా ఖర్చవుతుంటే నీళ్ళు కూడా మెల్లగా ఎక్కాలి కదా? మంట ఆరిపోయాకే ఒక్కసారిగా ఎక్కాయి. ఎందుకు?" అంది.

నాకు తెలీదు. పదిహేడేళ్ళుగా ఆ ప్రయోగం చేస్తూ, నీళ్ళు ఎప్పుడు ఎక్కుతున్నాయో నేను ఒక్కసారి కూడా చూడలేదు. నా చూపంతా పిల్లల అల్లరి మీదే ఉండేది. కానీ నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు కదా, "అది పరీక్షలో రాదు, కూర్చో" అన్నాను. కూర్చుంది. మళ్ళీ ఆ ఏడాదంతా లేవలేదు.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. ఆ పిల్ల పేపరు దిద్దుతుంటే ఒక చోట నాలుగు లైన్లు కొట్టేసి ఉన్నాయి. చదివాను. "మంటకి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. మంట ఆరాక చల్లబడి ముడుచుకుంటుంది. అందుకే నీళ్ళు లోపలికి వస్తాయి" అని రాసుకుంది. తనంతట తాను ఆలోచించి రాసుకుంది, అక్కా. దాన్ని గీత మీద గీత పెట్టి కొట్టేసి, కింద నా నోట్సులో ఉన్నది అక్షరం పొల్లుపోకుండా రాసింది. నేను పదికి పది వేశాను. అప్పటికి పుస్తకాలు తిరగేసి, పిల్ల చెప్పిందే నిజమని తెలుసుకున్నాను కూడా. అయినా పదికి పది వేసి, పేపరు మడిచి, కట్టలో పెట్టేశాను. ఆ పిల్లకి ఒక్క మాట చెప్పలేదు. సిగ్గేసింది. మర్నాడే నీకు నడుము నొప్పని చెప్పాను.

అంటే పారిపోయానంటావు. నిజమే, పారిపోయే వచ్చాను. ఈ షాపులో చేరడం కూడా అనుకోకుండా జరిగింది. అద్దె గది మెట్లు దిగితే ఇదే. కిటికీలోంచి రోజూ చూసేదాన్ని, ఓ రోజు లోపలికెళ్ళి, కింది దారం పైదారాన్ని ఎలా పట్టుకుంటుందని అడిగాను. మిషన్ పిన్ని మూత విప్పి, చక్రం నా చేత తిప్పించింది. సూది దిగడం, పైకొస్తూ చిన్న దారం ఉచ్చు వదలడం, కింద తిరిగే షటిల్ కొక్కెం వచ్చి సరిగ్గా ఆ ఉచ్చులో దూరడం చూశాను. సాయంత్రం దాకా తిప్పుతూనే ఉన్నాను. నలభై ఏళ్ళలో ఒక వస్తువుని అంతసేపు చూడటం అదే మొదలు.

నీ ఉత్తరం వచ్చాక నన్ను నేను గట్టిగా అడిగాను. తప్పు ఒప్పేసుకుంటే, ఆ పిల్లకి నిజం చెప్పేస్తే, స్కూలుకి వెళ్ళిపోవాలనిపిస్తుందా? అనిపించదు. మొదట్లో సిగ్గుతో ఉన్నాను, ఇప్పుడు ఇష్టంతో ఉంటున్నాను. పొద్దున లేవగానే నిన్న అంతుపట్టని మిషనే గుర్తొస్తుంది. ఇందులో గొప్ప కారణమేమీ లేదక్కా. నీ పక్క కుర్చీ ఖాళీ అవుతుందన్నది ఒక్కటే నన్ను వెనక్కి లాగుతోంది.

రాజీనామా ఇందులోనే పెట్టాను. ఆ పిల్లకి రాసిన ఉత్తరం కూడా. చదివి నీకు సబబనిపిస్తేనే ఇవ్వు.

నీ చెల్లి

*

మొండిఘటానికి,

నీ కవరు అందింది. వారం రోజులు కోపంగా ఉన్నాను. తర్వాత ఓ మధ్యాహ్నం నా గది తలుపు గడియ పెట్టుకుని కొవ్వొత్తి వెలిగించాను. ఐదుసార్లు చేశాను. గ్లాసు బోర్లించగానే అంచు కింద నుంచి వేడి గాలి బుడగలు బయటికొస్తున్నాయే. ఆ బుడగలు నేనెప్పుడూ చూడలేదు.

నీకు ఆ పాఠం ఎవరు చెప్పారనుకుంటున్నావు? నేనే. నా ఉద్యోగం మొదటి ఏడు, నువ్వు నా క్లాసులో రెండో బెంచీ. అప్పుడు నువ్వు కూడా ఏదో అడగబోయావు. ఏం అడగబోయావో నాకు గుర్తులేదు, నేను కూర్చోమన్నది మాత్రం గుర్తుంది. ఇంట్లో దాని గురించి నువ్వు ఒక్కసారి కూడా ఎత్తలేదు. క్షమించవే.

ఆ పిల్లని పిలిచి నీ ఉత్తరం ఇచ్చాను. రెండుసార్లు చదివింది. "చిన్న టీచర్ మళ్ళీ రారా?" అంది. రాదన్నాను. "తప్పు ఒప్పుకున్నారుగా, మరి ఎందుకు రారు?" అంది. వేరే పని మీద ఇష్టం పుట్టింది, అందుకని అన్నాను. ఉత్తరం మడిచి పట్టుకుని, "ఆ పని నేను చూడొచ్చా?" అని అడిగింది. వాళ్ళమ్మని అడిగి, సెలవుల్లో నేనే వెంటబెట్టుకుని తీసుకొస్తాను. పిన్నిగారికి ముందే చెప్పి ఉంచు, ఆ పిల్ల ప్రశ్నలు ఆపదు.

రాజీనామా ఆమోదించాను. నీ చోటికి ఆరుగురు ఇంటర్వ్యూకి వచ్చారు. అందరికీ డిగ్రీలున్నాయి, అందరూ చక్కగా మాట్లాడారు. ఒక్కొక్కరి ముందూ కొవ్వొత్తి వెలిగించి, గ్లాసు బోర్లించి, ఏం జరిగిందో చెప్పమన్నాను. ఐదుగురు ఆక్సిజన్ ఖర్చయిపోయిందన్నారు. ఆరో అమ్మాయి ఒంగి పళ్ళెంలోకి చూసింది. తర్వాత ముఖం కందిపోయి, "నేను సరిగ్గా చూడలేదండీ, ఇంకోసారి వెలిగిస్తారా?" అంది.

నీ కుర్చీలో ఆ అమ్మాయిని కూర్చోబెట్టాను.

నీ అక్క