జానెడు చోటు

ప్రియమైన బావమరిదికి,

ఫోన్లో మాట్లాడుకుంటే ఇద్దరం అరుచుకుని పెట్టేస్తున్నామని మీ అక్క తేల్చేసింది. ఇకనుంచి ఏం కావాలన్నా ఉత్తరాలే రాసుకోవాలట. కాగితం మీద ఎంత అరిచినా పక్కింటివాళ్లకు వినపడదట. సరే, రాస్తున్నాను.

నాకో చిన్న బ్యాటరీ స్క్రూడ్రైవర్ కావాలి. నువ్వెలాగూ పనిముట్ల కొట్లోనే ఉన్నావు కాబట్టి చూసి పంపు. ఇక్కడ మా కాంట్రాక్టరు కడుతున్న ఇంట్లో వంటింటి అలమర్లన్నీ బిగించేశాను, సింకు పక్క మూల అర ఒక్కటీ తప్ప. రెండు పలకల మధ్య చెయ్యి దూర్చి అడ్డంగా నాలుగు స్క్రూలు దించాలి. నా పెద్ద మెషిన్ అందులో తల కూడా పెట్టదు. చేత్తో తిప్పుదామంటే చెయ్యి కొంచెం పట్టేసినట్టుంది. కొంచెమే. మీ అక్కకు చెప్పకు. తెలిస్తే వేడినీళ్ల గిన్నె పట్టుకుని ఇల్లంతా నా వెనకే తిరుగుతుంది.

కాంట్రాక్టరు రోజూ వచ్చి ఆ మూల చూసి నిట్టూర్చి పోతున్నాడు. "పోనీ స్టోర్లో కుర్చీ వేయిస్తానయ్యా, సామాను చూసుకుంటూ కూర్చుందువు గాని" అన్నాడు నిన్న. కుర్చీ అట, కుర్చీ! ఆ మూల నేను బిగించలేకపోతే నన్నందులో కూలేస్తాడు. ఇక పనివాడిగా నా పని అయిపోయినట్టే.

చోటు సరిగ్గా నా జానెడు. నువ్వు నా దగ్గర పని మానేసి కొట్లో చేరిననాడు కొలకర్ర మీద నా జాన గీసి ఇచ్చాను కదా, దాన్ని పెట్టి చూసుకో. టేపుతో కొలవమని మాత్రం నన్ను అడగకు. టేపు కొక్కెం వంగుతుంది, వదులవుతుంది. నా చెయ్యి అలా కాదు.

తొందరలో,
మీ అక్క మొగుడు


ప్రియమైన బావకు,

ఉన్న మెషిన్లన్నీ బల్ల మీద పరిచి, ఒక్కోదానికీ స్క్రూ తిప్పే బిట్టు పెట్టి, స్క్రూ తగిలించి, నీ కర్ర పక్కన పెట్టి చూశాను. "ఏంటయ్యా, వాటికి చొక్కాలు కుట్టిస్తావా?" అన్నాడు మా ఓనరు. సన్నగా నిటారుగా ఉండేవి చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి కానీ పొడుగెక్కువ. అందుకని పిస్తోలులా వంగినది ఎంచాను. బిట్టు, స్క్రూ అన్నీ కలిపి నీ జానకు వేలెడు తక్కువే. బలం కూడా ఉంది. నువ్వు తిప్పక్కర్లేదు, కదలకుండా పట్టుకుంటే చాలు.

అన్నట్టు, చెయ్యి కొంచెమేనా? నీ "కొంచెం" సంగతి నాకు తెలుసు. నిచ్చెన మీంచి పడ్డప్పుడూ కొంచెమే అన్నావు, మూడు వారాలు మంచం దిగలేదు.

ఉంటాను,
నీ బావమరిది


"ప్రియమైన" అని మొదలుపెట్టమని మీ అక్క పక్కన నిలబడి చెబుతోంది కాబట్టి, ప్రియమైన బావమరిదికి,

నీ మెషిన్ పట్టలేదు. వేలెడు తక్కువ అన్నావు. ఇక్కడ చూస్తే మూడు వేళ్లు ఎక్కువ! బిట్టు పెట్టకుండానే కొలిచావా? నిద్రమొహంతో కొలిచావా? "మా బావమరిది పంపాడు, చూడండి" అని కాంట్రాక్టరును పిలిచి మరీ చూపించాను. దూర్చబోతే బిట్టు పలక అంచుకు కొట్టుకుని ఆగిపోయింది. ఆయన మళ్లీ నిట్టూర్చి పోయాడు. తిట్టినా బాగుండేది.

ఇవాళ మళ్లీ కొలిచాను. బొటనవేలు ఈ పలకకు, చిటికెనవేలు ఆ పలకకు. ఒక్క జానెడు, వెంట్రుకవాసి తేడా లేదు. నా దగ్గర ఇంతకాలం నేర్చుకుని కర్ర పక్కన కర్ర పెట్టడం కూడా రాకపోతే నేనేం చెయ్యను?

ఇంతకంటే పొట్టిది పంపు.

చిరాకుతో,
నీ బావ


ప్రియమైన బావకు,

కర్ర పక్కన కర్ర పెట్టడం నాకు బాగానే వచ్చు. నీ మాట చదివాక కొట్లో అదే రకం ఇంకోటి తీసి ఓనరుతో కూడా కొలిపించాను. వేలెడు తక్కువే. నా కొలతా సరే, నీ కొలతా సరే, మెషిన్ మాత్రం పట్టదు. ఇదెక్కడి గొడవ? జుట్టు పీక్కోవడం ఒక్కటే తక్కువ.

అరచేతిలో ఇమిడిపోయేది పంపుతున్నాను. ఇంతకన్నా పొట్టిది లేదు. బలం తక్కువ. ముందు బెజ్జాలు వేసుకుని తర్వాత స్క్రూ పెట్టు. ఒక్కసారి టేపు పెట్టి చూడు బావా, నీకు దణ్ణం పెడతాను.

నీ బావమరిది


ఏరా బావమరిదీ,

పట్టింది. సగం స్క్రూ దించి, గుయ్యిమని ఏడ్చి ఆగిపోయింది. నాలుగుసార్లు చేస్తే నాలుగుసార్లూ అంతే. మిగతా సగం చేత్తో తిప్పబోతే చెయ్యి తిప్పనివ్వలేదు.

నీకు చెక్క పట్టుకోవడం నేర్పింది ఈ చెయ్యే. దీన్ని నమ్మకుండా టేపును నమ్మేవాడి మెషిన్ నాకొద్దు. రెండూ తిరిగి పంపుతున్నాను. స్టోర్లో కుర్చీ తుడిపించారు. నీకు సంతోషమేగా?

ఇక రాయను.


ప్రియమైన బావకు,

నువ్వు రాయనన్నావు కాబట్టి అక్కకు ఫోన్ చేశాను. ముందే చెబుతున్నా, తనను ఏమీ అనకు. నువ్వు లేనప్పుడు వెళ్లి, ఆ రెండు పలకల మధ్య దారం పట్టి, తెంపి పంపింది. దాన్ని కర్ర మీద పెట్టాను. నీ గీతకు నాలుగు వేళ్లు తక్కువొచ్చింది. అక్కే సరిగ్గా పట్టలేదనుకుని ఇంకోటి పంపమన్నాను. రెండోదీ అంతే ఉంది.

రెండు దారాలూ, కర్రా ముందేసుకుని కూర్చున్నాను. పలకలు వాటంతటవి దగ్గరకు జరగవు. కర్ర మీద గీత నా కళ్లముందే గీశావు. నువ్వు అబద్ధం చెప్పేవాడివి కాదు. మరి ఇంకేం మిగిలింది బావా?

కుడిచెయ్యి బల్ల మీద పెట్టి వేళ్లు చాపు. పక్కనే ఎడమచెయ్యి పెట్టు. అక్కను పక్కన కూర్చోబెట్టుకుని చూడు.

నాకు ఒళ్లు మండిపోతోంది. కొంచెం, కొంచెం అంటూ ఇన్నాళ్లూ దాస్తావా? మెషిన్ పంపమని నన్నడగడం తెలిసింది కానీ, ఆసుపత్రికి తోడు రారా అనడం తెలియలేదా?

ఈసారి దారం కొలతకే ఎంచాను. దీని తల పక్కకు తిరిగి ఉంటుంది. ఆ తల ఒక్కటే పలకల మధ్యకు వెళ్తుంది, పిడి బయటే ఉంటుంది. స్విచ్ వేలితో లాగక్కర్లేదు, అరచేత్తో నొక్కితే చాలు. ఎడమచేత్తోనూ పట్టుకోవచ్చు.

తిట్టడానికైనా సరే, జవాబు రాయి.
నీ బావమరిది


ప్రియమైన బావమరిదికి (ఈసారి ఎవరూ చెప్పలేదు),

నీ ఉత్తరం చదివి ముందు మీ అక్క మీద ఇంతెత్తున లేచాను. నాకు తెలియకుండా నా పని దగ్గరకు వెళ్తావా అని. తను నా రెండు చేతులూ పట్టుకుని బల్ల మీద పెట్టింది.

ఎడమచెయ్యి చాపాను. కుడిచెయ్యి చాపాను. ఒరేయ్, పూర్తిగా చాపాననే అనుకున్నాను! చివరి రెండు వేళ్లు లోపలికి వంగి అలాగే ఉండిపోయాయి. నొప్పి దాచిన మాట నిజం. చెయ్యి కుదించుకుపోయిందని మాత్రం నాకే తెలియదు. ఈ మధ్య కోసిన ప్రతి పలకా పొట్టిగా వస్తోందని కోత మెషిన్ వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను, పాపం. మీ అక్క ముందు వేడినీళ్ల గిన్నె తెచ్చింది. తర్వాత చాలా అంది.

వేళ్ల కింద నరాలు బిగుసుకున్నాయట. రోజూ సాగదీస్తే కొంత వస్తుందని, అంతా రాకపోవచ్చని అన్నాడు డాక్టరు.

నీ మెషిన్ పట్టింది. ఎడమచేత్తో వంకరటింకరగా పట్టుకుని నాలుగు స్క్రూలూ దించాను. మూడోది పక్కకు పోతే తీసి మళ్లీ పెట్టాను. కాంట్రాక్టరు అర మీద బరువు వేసి ఊపి చూశాడు, కదల్లేదు. వచ్చే ఇంట్లో మూలలు కూడా నన్నే చూసుకోమన్నాడు. స్టోర్లో కుర్చీ మీద ఇప్పుడు రంగు డబ్బాలు పెట్టారు.

టేపు కొన్నాను. కొక్కెం అప్పుడే వదులుగా ఉంది. తిట్టుకుంటూనే వాడుతున్నాను.

ఈ కవరులో ఒక దారం పెట్టాను. అది ఇవాళ్టి నా జాన, మీ అక్క కొలిచింది. కర్ర మీద పాత గీత చెరపకు, దాని పక్కనే ఇదీ గీయి. నెలనెలా ఇంకోటి పంపుతాను. దారం కాస్త పొడుగొస్తే నాకు ఫోన్ చెయ్యి. మీ అక్క ఒప్పుకుంది.

నీ బావ